పన్నీరు బుడ్డి మెడ మీద గీత

కొత్తగూడ సిగ్నల్ దగ్గర కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఆయన్ని నేను వెంటనే గుర్తుపట్టలేదు. ఎడమ చెంప మీద మచ్చ లేదు. చిన్నప్పుడు లాంతరు గాజు చిట్లి, ముక్క ఎగిరొచ్చి గుచ్చుకున్న మచ్చ అది. మాట్లాడేటప్పుడు అది కూడా కదిలేది. ఫ్లెక్సీ షాపు వాళ్ళు దాన్ని శుభ్రంగా తుడిచేసి, ముఖాన్ని నున్నగా గులాబీ రంగులోకి దింపారు. భుజం మీద నల్ల గొంగడి చూశాక గానీ ఆయనే అని తెలియలేదు. గ్రీన్ సిగ్నల్ పడింది, వెనక కార్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు, నాకు మాత్రం ఏ గేరు వేయాలో తోచలేదు.

ఆ మచ్చ తుడిచేసిన కుర్రాళ్ళ మీద కోపం రావాలి. రాలేదు. ఆయన విషయంలో తుడిచేయడం మొదలుపెట్టింది నేను.

తొంభైల చివర, మాదాపూర్‌లో అప్పుడే తెరిచిన గుండ్రటి టవర్‌లో మా కంపెనీ ఉండేది. చుట్టూ బండరాళ్ళు, వాటిని పేల్చే చప్పుళ్ళు, మధ్యలో మేము ఏసీ గదుల్లో సీడీలు తయారుచేసేవాళ్ళం. నగరానికి ఆ చివర, ఒక పాత నవాబుల భవంతిలో, దేవిడీలో ఉన్న చిన్న మ్యూజియం వాళ్ళు తమ గాజు వస్తువులన్నిటితో ఒక సీడీ చేసిపెట్టమన్నారు. ఫోటోలు తీయడం ఆయన పని. ఆ ఫిల్మును స్కాన్ చేసి కంప్యూటర్లో శుభ్రం చేయడం నా పని. నాకు ఇరవై నాలుగేళ్లు. కూకట్‌పల్లిలో అక్కావాళ్ళింట్లో ఉంటూ సెవెన్ సీటర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని ఆఫీసుకు వచ్చేదాన్ని. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఈ ఊరి తెలుగు సగం అర్థమయ్యేది, సగం నవ్వి ఊరుకునేదాన్ని.

ఆయనకు కొండాపూర్‌లో చిన్న స్టూడియో. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు. మా మేనేజరు ఎక్కడో ఆయన తీసిన పెళ్లి ఫోటో చూశాడట, అందులో పెళ్లికూతురి గాజులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయట. "గాజులు అలా తీసినవాడు గాజు ఎలా తీస్తాడో చూద్దాం" అని పిలిపించాడు. యాభై దాటిన మనిషి, పొట్టి, చేతులు మాత్రం పొడుగు. మొదటి రోజు నేను సార్ అని పిలిస్తే ఆపేశారు.

"సార్లు ఏసీల కూసుంటరు బిడ్డా. నన్ను గట్ల పిలువకు, ఎవల్నో అనుకుంట."

అలా బాబాయ్ గారయ్యారు.

మ్యూజియంలో మొదటి రోజు గంటన్నర గేటు దగ్గరే గడిచింది. కెమెరా పెట్టెలు, లైట్లు, వాటి గొడుగులు అన్నీ లోపలికి వెళ్ళాయి. ఆయన చంకలో ఉన్న గొంగడిని మాత్రం గార్డు ఆపేశాడు. గొర్రెల వాసన వేస్తోంది, ఇది లోపలికి కుదరదన్నాడు. ఆయన వాదించలేదు. గేటు పక్క అరుగు మీద గొంగడి పరుచుకుని కూర్చున్నారు.

"దాన్ని ఇక్కడ వదిలేసి రండి బాబాయ్ గారూ, వెళ్ళేటప్పుడు తీసుకుందాం" అన్నాను.

"గిది లేకుంట లోపల నాకేం పని లేదు. కెమెరా మీరు కొన్నరు, మీరే గొట్టుకోండి."

నాకు ఒళ్లు మండింది. ముసలాయన మొండికేశాడనుకున్నాను. సూపరింటెండెంటు గారి కాళ్ళావేళ్ళా పడి అనుమతి తెచ్చాక, లోపల మొదటి హుక్కా కుండ ముందు ఆ గొంగడి ఎందుకో చూపించారు. కెమెరానీ, తననీ కలిపి నిండా కప్పుకున్నారు. లెన్సు బయటికి చూసేటంత సందు ఒక్కటే. గాజులో గది నీడ లేదు, ఆయన నీడ లేదు, కిటికీ నీడ లేదు. హుక్కా కుండ ఒక్కటే ఉంది.

"మఖ్మల్ గూడ మెరుస్తది బిడ్డా. గొంగడి మెరువదు. మా నాయన గొర్లెంబడి తిరిగిన గొంగడి ఇది, గీ మీ టవరున్న గుట్టల మీదనే." లోపలి నుంచి మాట కొంచెం మూసుకుపోయినట్టు వచ్చేది. "నేను అండ్ల కనపడితే అది నా ఫోటో అయితది. పనికి పెట్టినోళ్ళు కుండ ఫోటో అడిగిన్రు."

ఆఫీసులో మావాళ్ళు ఆయనకు గొంగడి సార్ అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ ఎండ, ఫ్యాన్ వేస్తే మేం కట్టిన నల్ల పరదాలు కదులుతాయని ఫ్యాన్ కూడా లేదు. గొంగడి కింద అరగంట ఉండి బయటికొస్తే చొక్కా పిండొచ్చు. అయినా తొందర లేదు. గాజు మీద ఎప్పుడూ నేరుగా లైటు వేసేవారు కాదు. వెనక తెల్లగుడ్డ కట్టి దాని మీద వేసేవారు. "గాజు మీద లైటు గొడితే లైటే కనపడతది. ఎన్కనుంచి రావాలె వెలుగు" అని ప్రతి వస్తువు దగ్గరా కొత్తగా చెబుతున్నట్టే చెప్పేవారు. ఒక వస్తువుకు ఒకే ఫ్రేము. ఫిల్ము కంపెనీదే కదా, ఇంకొకటి తీయమంటే ముఖం మాడ్చుకునేవారు.

"రెండోది దీస్తే మొదటిది నేను సరిగ చూడలేనట్టు."

ఆ పంతమే తరవాత ఆయన్ని ముంచింది. అప్పుడు నాకది ముచ్చటగా ఉండేది.

గాజు దగ్గరికి వెళ్ళేముందు ఇంకో తంతు. చేతి గడియారం, ఉంగరం, మెడలో తాయెత్తు, అన్నీ తీసి రుమాలులో మూటగట్టి కిటికీలో పెట్టేవారు. నన్నూ గాజులు తీయమన్నారు. మా అమ్మ నన్ను ఊరు నుంచి పంపేటప్పుడు ఒట్టి చేతులతో ఉండొద్దని మరీమరీ చెప్పింది. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసి, తీయకుండా నిలబడ్డాను. ఆయన పరదా నుంచి నల్లగుడ్డ పేలికలు రెండు చింపి నా చేతికిచ్చారు.

"తీయకు తియ్. గాజుల మీద గిది చుట్టుకో. సప్పుడు గావద్దు, తగులొద్దు."

ఆ పేలికలు రెండూ చాలాకాలం నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. వస్తువుల్ని అల్మారాలోంచి తీసి బల్ల మీద పెట్టడం, మళ్ళీ సర్దడం మ్యూజియం అటెండరు పని. బాబాయ్ గారు వాటిని తాకేవారే కాదు. అటెండరు పెట్టాక ఒక పక్క నుంచి చిన్న టార్చి పట్టుకుని, చుట్టూ తిరిగి, పొక్కు ఉందా, గీత ఉందా అని చూసేవారు. ఉంటే, అది కనపడేటట్టే లైటు పెట్టేవారు. నాకిది విచిత్రంగా ఉండేది. ఎందుకంటే స్టూడియోలో ఆయన చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. పెళ్లికూతుళ్ళ నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మొటిమలు, మచ్చలు, కళ్ళ కింద నలుపు అన్నీ మాయం చేసేవారు. ఆ విద్య నాకూ కొంత నేర్పారు. ఎక్కడ గీస్తే ఎక్కడ పోతుందో, ఫిల్ము మీది గీతకూ ముఖం మీది గీతకూ తేడా ఏమిటో భూతద్దం ఇచ్చి చూపించారు. నేను కంప్యూటర్లో చేసేది ఆ పనే గనక ఆయన చెప్పినంత తొందరగా నాకు ఇంకెవరూ నేర్పలేదు.

"పెళ్లికూతురి మచ్చ దాచేవారు గాజుకున్న మచ్చ ఎందుకు దాచరు బాబాయ్ గారూ?" అని అడిగాను ఒకరోజు, టిఫిన్ డబ్బాలు విప్పుకుని వసారాలో కూర్చున్నప్పుడు.

జొన్నరొట్టె తుంచుతూనే చెప్పారు. "పిల్ల రేపు అత్తగారింటికి పోతది. నా ముఖం గిట్లనే ఉంటది, ఇష్టముంటె చూడుండ్రి అని చెప్పుకుంటది. దానికి నోరున్నది. గాజుకేమున్నది? దాని తరఫున నేనే చెప్పాలె."

నేను రెండు వారాలు వెళ్ళాను. ఆ తరవాత స్కానింగ్ పని మీద పడి ఆఫీసులోనే ఉండిపోయాను. నీలం రంగు పన్నీరు బుడ్డిని ఆయన తీసిన రోజు నేను లేను. సన్నటి పొడుగాటి మెడ, గుండ్రటి కడుపు, మీద బంగారు పూల తీగ. మొత్తం సీడీకి అట్ట మీద వేయాలని మేనేజరు ముందే ఎంచుకున్న వస్తువు. ఆ ఫిల్ము ముక్కని, స్లైడుని, స్కాన్ చేసి తెర మీద పెద్దది చేస్తే మెడ కడుపును కలిసే చోట ఒక గీత కనిపించింది. వెంట్రుక కన్నా సన్నం.

అప్పటికే ఫిల్ము మీది దుమ్మూ గీతలూ వందల కొద్దీ తుడిచి ఉన్నాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది, వెళ్ళి ఆగింది. ఆ గీత తిన్నగా లేదు. గాజు ఎలా వంగిందో అది కూడా అలాగే వంగి ఉంది. ఆయన్ని అడగాలి. అడగాలంటే స్టూడియో పక్క కిరాణా కొట్టుకు ఫోన్ చేయాలి, కొట్టాయన గట్టిగా కేకేసి పిలవాలి, ఆయన వచ్చేదాకా ఫోన్ పట్టుకుని ఉండాలి. రేపు చేద్దామనుకున్నాను. ఇంతలో మేనేజరు వెనక నిలబడి, "అట్ట మీది బొమ్మ అయ్యిందా? ప్రింటర్ కుర్రాడు కూర్చున్నాడు" అన్నాడు. తుడిచేశాను. కంప్యూటర్లో చోటు చాలక ఒకే ఫైలు మీద సేవ్ చేసే రోజులు. పాతది పోయి కొత్తది మిగిలింది. చాలా అందంగా ఉంది.

సీడీ విడుదలైంది. స్లైడ్లన్నీ మ్యూజియానికి అప్పగించేశాం. నాలుగైదు నెలల తరవాత, వస్తువుల తనిఖీలో పన్నీరు బుడ్డికి పగులు ఉందని బయటపడింది. సూపరింటెండెంటు గారు మా సీడీ పెట్టి చూశారు. అందులో పగులు లేదు. అంటే ఫోటో తీసినప్పుడు బాగానే ఉంది, తీశాక సర్దేలోపల పగిలింది, పగలగొట్టింది ఫోటోగ్రాఫరు. ఆయన మీద ఆ మాట పడింది.

మా ఆఫీసులోనే మీటింగు పెట్టారు. దానికి ముందు మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. మంచివాడే, గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు.

"చూడమ్మా, మనం ఫోటోల్లో మార్పులు చేశామని తెలిస్తే వాళ్ళ మిగతా గ్యాలరీల పని పోతుంది. నీ టీమంతా దాని మీదే ఉంది. మనం చేసింది డస్ట్ క్లీనింగే. అది అబద్ధం కాదు కదా?"

కాదండీ అన్నాను.

మీటింగు గదికి అద్దం గోడలు. కొత్తలో జనం తెలియక గుద్దుకునేవాళ్ళు గనక వాటికి అడ్డంగా పట్టీ అంటించి ఉండేది. ఆయన లోపలికి వచ్చేముందు ఆ అద్దం దగ్గర ఆగి, వేళ్ళ వెనక వైపుతో ఒకసారి ముట్టుకుని చూసి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గొంగడి లేదు.

అందరూ మాట్లాడుతుంటే విన్నారు. తన వంతు వచ్చినప్పుడు రెండే ముక్కలు. "అది ముందే చిట్లి ఉన్నది. మీ అటెండరుకు అప్పుడే చూపెట్టిన. ఫోటోల గూడ వచ్చింది, చూడుండ్రి." అటెండరు ఆయన అలా చెప్పినట్టు తనకు గుర్తులేదని రాసిచ్చాడు. అతనికీ ఉద్యోగం ఉంది.

సూపరింటెండెంటు గారు స్లైడు తెచ్చారు. కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి భూతద్దంలోంచి చూసి, "గీత ఉంది. కాదనను" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బాబాయ్ గారి ముఖంలోకి కూడా వెలుగు రావడం చూశాను. వెంటనే సూపరింటెండెంటు గారు అన్నారు, "కానీ ఇది ఫిల్ము మీది గీత. అందుకే కదా మీ కంపెనీ వాళ్ళు దీన్ని తుడిచేశారు? పగులే అయితే ఎందుకు తుడుస్తారు? ఇంకో ఫ్రేము ఉంటే పోల్చి చూద్దుము. ఒకటే తీశాడాయె."

అందరూ నావైపు తిరిగారు.

"చెప్పమ్మా, నువ్వే కదా చేసింది. అది ఏ గీత?" అని అడిగారు సూపరింటెండెంటు గారు.

బాబాయ్ గారు కూడా చూశారు. భయపడుతూ కాదు, బతిమాలుతూ కాదు. నేను సరైన జవాబు చెబుతానని ఎదురుచూసే మేష్టారిలా చూశారు.

"ఫిల్ము మీది గీత అనుకున్నానండీ" అన్నాను.

అనుకున్నాను. ఆ ఒక్క మాట నన్ను అబద్ధం నుంచి తప్పించిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన తల దించుకుని తన చేతులు చూసుకున్నారు. గడియారం పెట్టుకునే మణికట్టు దగ్గర తెల్లటి పట్టీలా ఉంది. "చేతి గడియారం గూడ తీసి పక్కకు పెట్టి పనిజేసిన సార్" అన్నారు. లేచి వెళ్ళిపోయారు.

గాజు పగలగొట్టిన ఫోటోగ్రాఫరు అన్న మాట ఆయన కన్నా ముందు నడిచేది. మా టవర్‌లోనే రెండు కంపెనీలు ఆయనతో బ్రోచర్లకు ఫోటోలు తీయించుకోవాలనుకుని మానుకున్నాయి. నాకు తెలిసే మానుకున్నాయి.

మూడు వారాల తరవాత కొండాపూర్ వెళ్ళాను. స్టూడియో గోడల నిండా మచ్చల్లేని పెళ్లికూతుళ్ళు. ఆయన కిటికీ దగ్గర నెగటివు మీద పెన్సిలు పట్టుకుని ఉన్నారు. గొంగడి మేకుకు వేలాడుతోంది. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నాకు అనుమానం వచ్చింది బాబాయ్ గారూ. ఆ గీత వంపు తిరిగి ఉంది. అడుగుదామనుకున్నాను. అడక్కుండా తుడిచేశాను."

"ఎరుకే" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"ఫిల్ము మీది గీత సీదా పోతది. గాజు మీది గాజెంబడి వంగుతది. నా తాననే నేర్చుకున్న పిల్లవు, నీకు తెల్వకుంటదా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, లోపలికి కేకేసి చాయ్ తెప్పించారు. తాగి గ్లాసు కింద పెట్టాక, కోపం ఏమాత్రం లేకుండా అన్నారు.

"నువ్వు చెప్పాల్సింది నాకు గాదు బిడ్డా."

తరవాత బయటికి చూసి, "ఆటోలు దొరకవు ఇగ, నడువు. అక్క పరేషాన్ అయితది" అన్నారు.

మర్నాడే వెళ్ళి చెబుదామనుకున్నాను. మర్నాడు పని పడింది. ఆ తరవాత జీతం పెరిగింది. ఆ తరవాత ఉద్యోగం మారాను, ఇంకా పెద్ద అద్దాల బిల్డింగు. నేను చెప్పకపోవడానికి కారణాలు ఎప్పుడూ దొరుకుతూనే ఉండేవి. అన్నిటి కింద ఉన్నది పిరికితనం. పెళ్లయ్యాక కాపురం కొండాపూర్‌కే మారింది. అప్పుడప్పుడు కూరగాయల దగ్గర ఎదురుపడేవారు. "తిన్నవా బిడ్డా?" అని అడిగేవారు, అంతే. ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయనకు తెలుసేమో, ఎత్తలేదు. కొన్నాళ్ళకు నేనే ఆ వీధిలో కూరగాయలు కొనడం మానేశాను.

ఫ్లెక్సీ చూసిన వారం మ్యూజియానికి వెళ్ళాను, ఇన్నేళ్లలో మొదటిసారి. గాజు గదిలో పిల్లలు, పెద్దలు అందరూ ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు. ఎవరి ఫోటోలో చూసినా హుక్కా కుండ కడుపులో వాళ్ళే ఉన్నారు. పన్నీరు బుడ్డి చివరి అల్మారాలో ఉంది. కింద చీటీ అతికించి ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి. "నీలి పన్నీరు బుడ్డి. మెడ వద్ద పగులు ఫోటో తీయునపుడు ఏర్పడినది."

ఆ గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇన్నేళ్లుగా ఆ చీటీ ఈ మాట చెబుతోంది. ఆయన ఎప్పుడైనా వచ్చి చూశారేమో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా లేదు.

ఆఫీసు గదిలో ఒక అమ్మాయి ఉంది, ఇప్పటి అధికారి. జరిగిందంతా చెప్పాను. ఓపికగా విని, "ఆధారం ఏమైనా ఉందా మేడమ్?" అంది.

"అప్పటి స్లైడు మీ అల్మారాలోనే ఉండాలి. అది కాకపోతే నేనున్నాను. తుడిచింది నేనే."

తెల్ల కాగితం ఇచ్చి రాసివ్వమంది, కమిటీ ముందు పెడతానంది. రాశాను. ఎడమ చేత్తో కాగితం కదలకుండా పట్టుకుంటే గాజులు బల్లకు తగిలి చప్పుడయ్యాయి. ఇప్పుడు ఈ నిజం చెబితే నాకు పోయే ఉద్యోగం లేదు, నన్ను అనే మేనేజరు లేడు, వినాల్సిన మనిషీ లేడు. కాబట్టి ఈ ధైర్యం ఏపాటిదో నాకు తెలుసు.

ఆయన పేరు ఈ వ్యాసంలో ఎక్కడా రాయలేదు. ముందు రాయాల్సిన చోటు ఆ కాగితం, అక్కడ పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ రాశాను. రాసి మూడు నెలలైంది. పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళి చూశాను. చీటీ ఇంకా మార్చలేదు.